బొట్టు పెట్టి పిలిచిన పరిశోధన

కుదురుగా ఒకచోట కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో అన్నం తింటూ కూడా మధ్యలో లేచి వాకిట్లోకి వెళ్ళి వచ్చేదాన్ని. "దీని కాళ్ళకు ఎవడో చక్రాలు కట్టిండు" అని అమ్మ తిట్టేది. అలాంటిదాన్ని పోయి పోయి పరిశోధనలో పడ్డాను. పరిశోధనకు కావలసింది కుదురేనని చెప్పనివాళ్ళు లేరు. నాకు తెలిసి ఆ పని చేసేవాళ్ళలో సగంమంది కుదురు లేకనే అందులోకి వస్తారు. మిగతా సగం ఉద్యోగం దొరక్క వస్తారు.

అరవైల మొదట్లో హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయంలో చేరాను. సర్కారు జనానికి ఒక మాట చెప్పాలనుకుంటే ఆ మాట ఏ దారిన వెళుతుంది, చేరాక జనం దాన్ని ఏం చేసుకుంటారు అన్నది నా విషయం. ఇప్పుడు దానికి వ్యూహాత్మక సమాచారమనీ ఇంకేదో అనీ నోరు తిరగని పేర్లు పెట్టారు, భవనాలు కట్టారు. అప్పుడు మేము 'ప్రచారం' అనేవాళ్ళం, అది కూడా కాస్త చిన్నతనంగా అనేవాళ్ళం. దానికంటూ ఒక విభాగం లేదు. సమాజశాస్త్రం వాళ్ళ వరండాలో బీరువాకూ కిటికీకీ మధ్య నాకొక బల్ల వేశారు. ఎవరు బీరువా తెరిచినా నేను లేచి నిలబడాలి. ఆ రకంగా నాకు ఆ జాగా సరిగ్గా సరిపోయింది.

నిజాం కాలంలో ఉర్దూ బడిలో పంతులుగా చేసిన మా బాపుకు నా చదువేమిటో ఎంతకూ అంతుపట్టలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా అడిగేవాడు.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా? జర నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"మాట ఒకరి నుంచి ఒకరికి ఎట్ల పోతదో, జనం దాన్ని ఎట్ల తీసుకుంటరో చదువుతున్న బాపూ."

కాసేపు ఆలోచించి, "మంచిదే. మరి దీనికి నౌకరీ ఇస్తరా?" అన్నాడు.

"ఇంకా ఎవ్వరియ్యలే."

"ఏం ఫికర్ చెయ్యకు. ఆడపిల్లల బడిల పంతులమ్మ జాగా ఒకటి ఖాళీ ఉన్నది. నేను చెప్పి పెట్టిన."

ఆయన నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం అది బెదిరింపులా వినబడింది. ఆ బడి నాకు తెలుసు, అక్కడే చదువుకున్నాను. రోజూ అదే గంట, అదే గది, అదే నల్లబల్ల. పిల్లలకు చదువు చెప్పడం తక్కువ పనని నేనెన్నడూ అనుకోలేదు. కానీ అక్కడ చేరితే మళ్ళీ బయటికి రానని, వచ్చే ధైర్యం నాకుండదని తెలుసు. హైదరాబాద్‌లో ఉన్నంత కాలం ఆ ఖాళీ జాగా నా వెనకాలే నడిచి వస్తున్నట్టుండేది.

నాకు దారి చూపించే సారు కోస్తా నుంచి వచ్చినవారు, పై దేశంలో చదివివచ్చినవారు. మంచి మనిషి. విద్యార్థుల జ్వరానికి కూడా తనే మందులు తెచ్చేవారు. కానీ నియమం అంటే నియమమే. ఆయన ముందు నేను పుస్తకాల తెలుగు మాట్లాడేదాన్ని. వరండాలో మిగతావాళ్ళ ముందు మొదట్లో ఒకసారి "గట్లనా?" అని నోరు జారాను. నెలల తరబడి నేను కనబడితే చాలు ఎవడో ఒకడు "గట్లనా" అనేవాడు, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. నాక్కూడా నవ్వు వచ్చేది, తర్వాత ఒళ్ళు మండేది. ఊళ్ళల్లో జనం ఎట్లా వింటారో కనుక్కుంటామని బయల్దేరినవాళ్ళు ఆ జనం మాట వినబడితే నవ్వుతున్నారు. నేను ఈ ముక్క వాళ్ళ ముఖం మీదే అన్నాను. తర్వాత నా ముందు నవ్వలేదు.

సారు నాకు ఇచ్చిన ఊరు మర్రిగూడ వైపు ఉంది. చౌటుప్పల్‌లో బస్సు దిగి, ఇంకో బస్సు కోసం ఎంతసేపైనా ఎదురుచూసి, అదీ పోయినంత దూరం పోయాక మిగిలింది బండి మీదనో కాలినడకనో పోవాలి. చుట్టూ జొన్న, ఆముదం, కంది చెల్కలు, బండరాళ్ళు, గొర్రెలు. ఆ ఊళ్ళో మోకాళ్ళు వంగిపోయి, నడుము బిగుసుకుపోయి నడిచేవాళ్ళు చాలామంది. చిన్న పిల్లల పళ్ళ మీద కూడా గోధుమరంగు మరకలు. నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ వల్ల అలా అవుతోందని డాక్టర్లకు తెలుసు. ఊరివాళ్ళు మాత్రం "మా ఊరి గుణం" అని ఊరుకునేవాళ్ళు.

హైదరాబాద్ నుంచి ఒక డాక్టర్ల బృందం ఆ ఊరికి వచ్చి, బడిలో కూర్చుని, వచ్చినవాళ్ళ కాళ్ళూ పళ్ళూ చూసి, ఏ బావి నీళ్ళు తాగవద్దో, ఏ బావి నీళ్ళు తాగవచ్చో చెప్పాలి. జనం బడికి వచ్చేలా ముందుగా ఊరంతా మాట చేరవేయడం నా పని. ఎట్లా చేర్చానో, చేరిందో లేదో రాయడమే నా పరిశోధన. చదివిన చదువు చేతికి వచ్చే రోజు వచ్చిందని పొంగిపోయాను.

నేను ఉన్నది ఒక అవ్వ ఇంట్లో. వాళ్ళవి గొర్రెలు. కొడుకు మందను తోలుకుని పోయేవాడు, కోడలు చంటిపిల్లతో ఇంట్లో ఉండేది. అవ్వ మోకాళ్ళు రెండూ బయటికి వంగిపోయి ఉండేవి. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. కానీ ఆమె నోరు ఎక్కడా వంగలేదు. నేను వచ్చిన మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "గింత చదువు చదివినవు, నీకు ఇంట్ల ఒక్కకాడ కూసునుడు నేర్పలేదా బిడ్డా? నిన్ను చూస్తే నాకే కాళ్ళు గుంజుతున్నయి" అంది. ఆ రోజు నుంచి నాకు ఆ ఇల్లు మా ఇల్లే అయిపోయింది.

మాట చేరవేయడానికి సారు చెప్పినవన్నీ చేశాను. పంచాయతీ రేడియోలో మూడు పూటలు చెప్పించాను. "ప్రజలందరూ విధిగా హాజరు కావలసిందిగా కోరడమైనది" అని రేడియో గొంతు సవరించుకుని చెప్పింది. బొమ్మల కాగితాలు గోడలకు అంటించాను. డప్పు కొట్టించి వాడవాడలా చాటింపు వేయించాను. తర్వాత ఇల్లిల్లూ తిరిగి అడిగితే, విననివాళ్ళు లేరు. ఏ రోజు, ఎక్కడ, ఎందుకు, అన్నీ తడుముకోకుండా చెప్పారు. ఒక ముసలాయన రేడియో గొంతుతో సహా చెప్పి చూపించాడు. నాకు ఆనందంతో కాలు నిలవలేదు.

డాక్టర్లు వచ్చారు. బడిలో బల్లలు వేసుకుని కూర్చున్నారు. పొద్దెక్కింది. ఎవరూ రాలేదు. నలుగురైదుగురు మగవాళ్ళు దూరంగా చెట్టు కింద నిలబడి జీపును చూశారు. మధ్యాహ్నం డాక్టర్లు తెచ్చుకున్న అన్నం తిన్నారు. నేను బడికీ ఊరి నడుమ బొడ్రాయికీ మధ్య తిరిగి తిరిగి చెప్పు తెగగొట్టుకున్నాను. కనబడినవాళ్ళను అడిగితే, "తెలుసు తెలుసు, డాక్టర్లొచ్చిన్రట గద" అని నాకే చెప్పారు. పొద్దుగూకే వేళకు జీపు ఎంత ఖాళీగా వచ్చిందో అంత ఖాళీగా పోయింది. సిగ్గుతో నేను డాక్టర్లకు నమస్కారం కూడా సరిగ్గా పెట్టలేదు.

హైదరాబాద్‌లో సారు నా మీద కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "చూడమ్మా, వానలు తగ్గాక డాక్టర్లు ఇంకొక్కసారి వస్తారు, అదే ఆఖరు. ఈసారీ జనం కదలకపోతే ఈ పరిశోధన మూసేయమంటారు. నీ స్థానం వేరేవాళ్ళకు ఇవ్వాలి, నా చేతుల్లో ఉండదు" అన్నారు. తర్వాత ఒక నియమం కూడా పెట్టారు. ఈసారి పిలుపు ఒకే పద్ధతిలో, డాక్టర్లు రాకముందే అయిపోవాలి. వాళ్ళు ఊళ్ళో ఉన్నంతసేపూ నేను ఊరివాళ్ళలో ఎవరినీ రమ్మని అడగకూడదు. అడిగితే వాళ్ళు ఆ పద్ధతి వల్ల వచ్చారో, నా మొహం చూసి వచ్చారో తేలదు, పరీక్ష చెల్లదు. న్యాయంగానే తోచింది. ఒప్పుకున్నాను.

ఏ పద్ధతి? అదే తెలియదు. వరండాలో కూర్చోలేక ఇంటికి పోయాను, ఇంట్లో కూర్చోలేక మళ్ళీ వరండాకు వచ్చాను. పై దేశాల పుస్తకాల్లో వార్త పైనుంచి కిందికి దిగుతుందని, మధ్యలో పెద్దమనుషులు ఉంటారని బొమ్మలు గీసి ఉన్నాయి. ఆ బాణం గుర్తులను చూస్తుంటే నిద్ర వచ్చేది కాదు, కోపం వచ్చేది.

మళ్ళీ ఇంటికి పోయినప్పుడు మా ఎదురింట్లో పెళ్ళి జరుగుతోంది. బాజాలు మా వంటింట్లోకి వినబడుతున్నాయి. వాళ్ళు మాకు దూరపు చుట్టాలు కూడా. అమ్మ మాత్రం పాత చీరలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది.

"పోలేదేందమ్మా?" అన్నాను.

"పిలిస్తే గదా పోతందుకు."

"పిలువలేదా? బాపు పిలిచిన్రన్నడు గద."

"తొవ్వల కనవడితె చెప్పిండట. గట్ల చెప్తే అయితదా? నా గడప తొక్కలే, బొట్టు పెట్టలే. పెండ్లని ఊరందరికి ఎరుకే. ఎరుకైనోళ్ళందరు పోతరా?"

చేటలో పప్పు ఎగురుతూనే ఉంది. నేను నవ్వబోయి ఆగిపోయాను. మా రేడియో, మా గోడ కాగితాలు, మా డప్పు అన్నీ తొవ్వలో కనబడి చెప్పిన మాటే. ఊరందరికీ ఎరుకైంది. ఎవరినీ పిలవలేదు. అమ్మ చేతిలోంచి చేట లాక్కుని ఆమెను గట్టిగా పట్టుకున్నాను. "దీనికి పిచ్చి లేసింది" అంది అమ్మ. పప్పు నేలపాలైంది.

సారుకు చెప్పినప్పుడు ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు. "కుంకుమతోనా? డాక్టర్ల దగ్గరికా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత ఉత్సాహం వచ్చేసింది. ఇలా ఎవరూ చేసి ఉండరని, దీన్ని పై దేశాల పత్రికల్లో వేయవచ్చని అన్నారు. గడప గడపకూ వెళ్ళి పిలిచే పిలుపు అందరికీ చేరుతుందని, ఎవరినీ వదలదని ముందే ఒక వాక్యం రాసుకున్నారు. ఆ వాక్యం చూసి నాకూ ముచ్చటేసింది. మొదటిసారి నా కాళ్ళు ఒకచోట నిలబడ్డాయి.

డాక్టర్లు రావడానికి ఒకరోజు ముందు ఊళ్ళో నాకు తోడు అవ్వ కోడలు వచ్చింది. అలా పిలవడానికి ఇద్దరు పోవడం పద్ధతి, పైగా ముందు ఏ ఇంటికి పోవాలో, ఏ ఇంటికి ఆఖరున పోతే కోపాలొస్తాయో ఆ పిల్లకు తెలుసు. చంటిదాన్ని అవ్వకు అప్పగించి కుంకుమ భరిణ పట్టుకుని బయల్దేరింది. మొదటి ఇంట్లోనే గొడవ.

"దవాఖాన ముచ్చటకు బొట్టు పెట్టి పిలుస్తరా ఎవరన్న? నవ్విపోతరు!" అంది ఆ ఇంటామె.

"నవ్వుకుంటనే రాండ్రి. మా అక్క హైదరాబాద్ నుంచి వచ్చింది, నీ గడప తొక్కి పిలుస్తున్నది. మల్ల రాకుంటె మాట దక్కదు" అంది కోడలు. ఆమె నవ్వుతూనే నుదురు ముందుకు పెట్టింది.

మధ్యాహ్నానికి మా వేళ్ళు ఎర్రబడ్డాయి. కొన్ని ఇళ్ళల్లో మాకు మజ్జిగ ఇచ్చారు. సాయిబుల ఇళ్ళల్లో బొట్టు ఉండదు కాబట్టి పరదా దగ్గర నిలబడి, నాకొచ్చిన ఉర్దూలో మర్యాదగా రమ్మని పిలిచాను. మాదిగవాడకు పోదామంటే కోడలు మొదట కాస్త వెనకాడింది. పోదాం పదమని నేనే ముందు నడిచాను. అక్కడ ఒకామె బొట్టు పెట్టించుకుని, "మీ అసొంటోళ్ళు మా గడపకొచ్చి పిలుసుడు ఇదే మొదలు" అంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. పొద్దుగూకేసరికి ఊరంతా తిరిగామన్న నమ్మకంతో ఇంటికొచ్చి పడుకున్నాం.

మరునాడు జీపు వచ్చింది, సారు కూడా అందులోనే వచ్చారు. నేను నియమం ప్రకారం బడి వెనక కూర్చున్నాను. కూర్చున్నాననడం అబద్ధం, గోడ చుట్టూ తిరిగాను. ముందు ముగ్గురు వచ్చారు. తర్వాత వాడవాడంతా కట్ట కట్టుకుని వచ్చింది. మంచి చీరలు కట్టుకున్నారు. కొందరు కొడుకులను, మొగుళ్ళను కూడా వెంట తెచ్చారు. పిల్లలు ఏడుస్తున్నారు, డాక్టర్లు గొంతు పెంచుతున్నారు, సారు తలుపు దగ్గర నిలబడి నన్ను చూసి చిన్నపిల్లాడిలా చేయి ఊపారు. నాకు ఏడుపొచ్చింది. మా ఊరి బడిలో ఖాళీగా ఉన్న పంతులమ్మ జాగా ఇక ఎవరైనా తీసుకోవచ్చు అనుకున్నాను.

సాయంత్రం గాలిలో తేలుతూ ఇంటికి వచ్చాను. అవ్వ పొద్దున నేను చూసిన చోటే, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అప్పుడు తట్టింది, బడి దగ్గర నేను ఈమెను చూడలేదు.

"నువ్వు రాలేదేంది అవ్వా? నీ కాళ్ళు చూపియ్యాలె గదా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. కోపం కాదు, నిష్ఠూరం కూడా కాదు. ఎండాకాలంలో ఎండెందుకు కొడుతోందని అడిగితే ఎలా చూస్తారో అలా చూసింది.

"నన్నెవరు పిలిచిన్రు బిడ్డా?"

నేను కోడలి వైపు తిరిగాను. ఆ పిల్ల నా వైపే చూస్తోంది. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. అవ్వ నుదుట బొట్టు లేదు. మొగుడు పోయినవాళ్ళకు బొట్టు పెట్టరు, పెట్టకపోతే పిలుపు లేదు. నిన్నంతా మేము గడప గడపకూ పోయాం. బొట్టు పెట్టదగ్గ ఆడమనిషి ఉన్న చోట ఆగాం, లేని చోట ఆగకుండా కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి. మేమిద్దరం దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు. అనుకోవాల్సిన విషయమని కూడా మాకు తోచలేదు. ఇంట్లో మనిషిని దాటి వీధిలోకి పోయి ఊరందరినీ పిలిచి వచ్చాం.

"మరి ఎల్లమ్మ గుడి పక్కన ముసలామె?" అన్నాను.

కోడలు తల అడ్డంగా ఊపింది. ఒక్కొక్క ఇల్లు గుర్తు చేసుకుంటూ పోతే లెక్కపెట్టడానికి వేళ్ళు చాలలేదు. ముసలివాళ్ళే కాదు, నా ఈడు వాళ్ళూ ఉన్నారు. పైగా ఆ ఊళ్ళో ఇంటికి ఏ బావి నీళ్ళు రావాలో చెప్పేది ఎవరనుకున్నారు? ఈ ముసలమ్మలే. కోడళ్ళు కడవ ఎత్తుకుని అత్త చెప్పిన బావికి పోతారు. డాక్టర్లు రోజంతా గొంతు చించుకుని చెప్పింది నీళ్ళు మోసేవాళ్ళకు. ఎక్కడి నుంచి మోయాలో చెప్పేవాళ్ళు ఇళ్ళల్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

చెప్పు వేసుకోకుండా బడికి పరుగెత్తాను. సారు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు. విషయం చెప్పాను. ఆయన వెంటనే అర్థం చేసుకున్నారు, అందులో సందేహం లేదు. గ్లాసు కింద పెట్టారు.

"డాక్టర్లు రేపు పొద్దున కూడా కాసేపు ఉంటారు" అన్నాను. "నేను పోయి పిలుస్తాను సార్."

"నియమం గుర్తుందా?"

"ఉంది."

"పిలిస్తే ఈ రోజు జరిగినదంతా పోతుంది. వీళ్ళు ఎలా వచ్చారని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. ఇంత పని, ఇంత మంచి ఫలితం. వదిలేయమ్మా. ముందు పట్టా తెచ్చుకో. వితంతువుల సంగతి తర్వాత ఇంకో పరిశోధనగా చేద్దాం."

"డాక్టర్లు తర్వాత రారు గదా సార్."

ఆయన అరుగు దిగారు. "నేను నిన్ను ఆపను. కానీ నువ్వు వెళితే నేను నీ తరఫున సంతకం పెట్టలేను" అన్నారు. ఆ మాట అనడం ఆయనకు కష్టంగానే ఉందని గొంతులో తెలిసింది. నాకు ఆయన మీద మండిపోయింది. ఆయన అన్నది తప్పు కాకపోవడం వల్ల ఇంకా మండింది.

తెల్లవారేదాకా అటు దొర్లి ఇటు దొర్లి ఒకటే ఆలోచన. పట్టా, వరండాలో బల్ల, పై దేశాల పత్రిక, బాపు ముఖం. వదిలేస్తే ఎవరూ నన్ను తప్పు పట్టరు. అవ్వ కూడా పట్టదు, ఆమెకు అలవాటే. అక్కడే నా మనసు ఎదురు తిరిగింది. ఆమెకు అలవాటైన దాని మీద నేను పట్టా తెచ్చుకోవాలా?

తెల్లారగానే ముఖం కడుక్కుని, ఇంట్లోంచి బయటికి పోయి, మళ్ళీ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాను. అవ్వ లోపల పొయ్యి ముందు ఉంది. బొట్టు లేకుండా ఎలా పిలవాలో నాకు తెలియదు. మా ఇంట్లో నాకెవరూ నేర్పలేదు, పుస్తకాల్లో లేదు. లోపలికి పోయి ఆమె ముందు వంగి రెండు చేతులూ పట్టుకున్నాను.

"అవ్వా, బడికాడికి డాక్టర్లొచ్చిన్రు. నిన్ను పిలువనీకి వచ్చిన. నువ్వు రావాలె."

ఆమె ఒక చేయి విడిపించుకుని పొయ్యిలో కట్టెను లోపలికి తోసింది. గోడ పట్టుకుని లేచి, "ఆగు. చీర మార్చుకుంట" అంది.

మిగతా ఇళ్ళకు అలాగే పోయాను. కొందరు నమ్మలేదు. ఒకామె తలుపు చాటు నుంచి, "నన్నా? మా కోడల్నా?" అని అడిగింది. "నిన్నే" అన్నాను. గుడి పక్కన ముసలామె రానంది, బతిమాలినా రాలేదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా గోడలు పట్టుకుంటూ, కర్రలు ఊనుకుంటూ బడికి వచ్చారు. సారు జీపులో కూర్చుని దూరం నుంచి చూస్తున్నారు.

అవ్వ వంతు వచ్చింది. డాక్టరు ఆమె మోకాళ్ళు నొక్కి చూసి, వంచబోయి, ఆగిపోయి నా వైపు చూశాడు. తర్వాత ఆమెకే చెప్పాడు. ఈ కాళ్ళు ఇక తిన్నగా కావని, మందు లేదని, ఇంట్లో చిన్నపిల్లలకు ఇప్పుడు తాగే బావి నీళ్ళు తాగించకుండా చెరువు కింద ఊటబావి నీళ్ళు తాగిస్తే వాళ్ళకు ఇలా కాకుండా ఉండవచ్చని చెప్పాడు. అవ్వ చెవి ఒగ్గి మొత్తం విన్నది. నేను తల ఎత్తలేకపోయాను. ఇంత గొప్పగా పిలిచింది, నీకు మందు లేదని చెప్పించడానికా?

నాకు ఆగడం చేతకాదు కాబట్టి నా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సారు అన్నంత పనీ చేశారు. ఆ పరిశోధన మూసేశారు, బీరువా పక్కన బల్ల వేరేవాళ్ళకు పోయింది. నేను మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లల బడిలో చేరాను. అనుకున్నట్టే అదే గంట, అదే గది. అక్కడి నుంచి బయటపడడానికి ఆ దశాబ్దం చివరిదాకా పట్టింది. వేరే విశ్వవిద్యాలయంలో, వేరే సారు దగ్గర, ఒక ఊళ్ళో మాట ఎవరికి చేరదు అనే విషయం మీద మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పోయిన ఏళ్ళ మీద నాకు ఇప్పటికీ కడుపుమంటే. త్యాగం చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను, నాకు అప్పుడు ఆ పట్టా కావాలనే ఉండింది, చాలా ఉండింది.

ఆ పొద్దున మాత్రం నేను అవ్వ వెనకాల నడుస్తూ ఇంటికి వచ్చాను. దారిలో ఆమె ఆగి ఆగి, గోడ గోడా పట్టుకుని నడిచింది. ఏమైనా తిడితే బాగుండునని నాకుంది. ఇంట్లోకి రాగానే ఆమె నేరుగా నీళ్ళ కడవ దగ్గరికి పోయింది. నన్ను పట్టుకోనివ్వలేదు. గోడకు నడుము ఆనించి, నిండు కడవను ఒరగదోసి నీళ్ళన్నీ వాకిట్లోకి పారబోసింది.

"అయ్యో అత్తా! ఇప్పుడే తెచ్చిన గదా!" అని కోడలు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

"చెరువు కింద ఊటబాయికి పోయి తే. ఇగ రోజు గాడికే."

"అంత దూరమా? నిన్న డాక్టరు చెప్పిండని నేనంటే, ఊకో, వాళ్ళు చెప్తనే ఉంటరు అంటివి గదా?"

అవ్వ ఖాళీ కడవను ఎత్తి కోడలి చేతిలో పెట్టింది.

"నిన్న నీకు చెప్పిన్రు. ఇయ్యాల నన్ను పిలిచి చెప్పిన్రు. పో."